'వెళ్లొస్తా' తర్వాతి మాట

బుధవారం, సాయంత్రం
ఆఫీసు నుంచి

తమ్ముడికి, అక్క రాస్తున్నది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయాలి. కానీ నేను అలా తలచడం లేదు, తలవనిది రాయడం నాకు రాదు. నా దీవెనలు మాత్రం ఎప్పటిలాగే నీకున్నాయి. వాటికి ఏ కోర్టూ గడువు పెట్టలేదు.

ముందు అసలు సంగతి. సోమవారం ఉదయం పదకొండు నలభైకి జడ్జిగారు నీ భార్యకిచ్చిన రక్షణ ఉత్తర్వును ఇంకో వారం పొడిగించారు. వచ్చే సోమవారం దాకా నువ్వు ఆ ఇంటి గేటు దాటకూడదు. ఆమెతో మాట్లాడకూడదు, ఇంకొకరితో మాట్లాడించకూడదు. ఇంటి ముందుగది నువ్వు ఫొటోలకు చట్రాలు కట్టే వర్క్‌షాపు కాబట్టి, దానికి వీధిలోకి వేరే తలుపుంది కాబట్టి, విడాకులు తేలేదాకా కనీసం అక్కడికైనా రానివ్వమని నువ్వు పెట్టుకున్న అర్జీ మీద ఆ రోజే నిర్ణయం చెబుతారు. చెప్పేముందు ఒక సాక్షిని వింటారు. ఆ సాక్షిని నేనే.

ఇదంతా నీ లాయరు చెప్పే ఉంటాడు. కానీ ఆయన వాక్యానికో దగ్గు దగ్గుతాడు, ముఖ్యమైన ముక్కలన్నీ దగ్గులో కలిసిపోతాయి. అందుకని మళ్లీ రాశాను.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు నన్ను పూర్తి చేయనివ్వవు. చిన్నప్పుడూ అంతే. నేను కథ చెబుతుంటే ముగింపు నువ్వే చెప్పేసేవాడివి, అదీ తప్పు ముగింపు. ఉత్తరానికైతే మధ్యలో అడ్డం రాలేవు. ఫోను గురించి ఇంకో సంగతి కూడా ఉంది. అది చివర్లో రాస్తాను.

సోమవారం నువ్వు జ్వరమని కోర్టుకు రాలేదు కాబట్టి లోపల ఏం జరిగిందో చెబుతాను.

దగ్గులాయన లేచి, ఇల్లు వదిలిన రోజు గుమ్మం దగ్గర నువ్వన్నది 'వెళ్లొస్తా' అన్న ఒక్క మాటేనన్నాడు. ఇంట్లోంచి కదిలే ప్రతి మనిషీ అనే మాటే కదండీ, పోతున్నానని ఎవడంటాడు, దీన్ని కూడా బెదిరింపు అంటే రోజూ పొద్దున ఆఫీసుల వేళకి ఊళ్లో మగాళ్లందర్నీ తీసుకెళ్లి లోపలెయ్యాలి అన్నాడు. కోర్టంతా నవ్వింది. బంట్రోతు గోడవైపు తిరిగి నవ్వాడు. మరదలి తరఫు లాయరమ్మ బాగా పొట్టి, లేచి నిలబడ్డా కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడ ఆ నవ్వంతా అయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత, పోలీసులు ఉత్తర్వు చేతిలో పెట్టి ఇల్లు వదలమన్నాక అన్న మాట అది, పైగా ఆ ఒక్క మాటే అనలేదు అంది. మరదలి అఫిడవిట్‌లో 'వెళ్లొస్తా' తర్వాత ఇంకో రెండు వాక్యాలున్నాయి. నువ్వు అవి అనలేదంటున్నావు. అప్పటికి పోలీసులు గేటు బయట బండి దగ్గరున్నారు. గుమ్మంలో మీ ఇద్దరే. అటొక మాట, ఇటొక మాట.

అసలు ఆ ఇంట్లో ఆ మాట ఎలా వాడతారో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని జడ్జిగారు అడిగారు. దగ్గులాయన మొదటిసారి దగ్గకుండా మాట్లాడాడు. వాళ్లక్కగారే ఉన్నారండీ, పాతికేళ్లుగా ఈ కోర్టు వార్తలు రాస్తున్నారు, ఆవిడ దగ్గర మాట తేడా రాదు అని నా వైపు చెయ్యి చాపాడు. నేను ఆ రోజు విలేకరుల బెంచీ మీద కూర్చోలేదు. వెనక, కక్షిదారుల చుట్టాలు కూర్చునేచోట కూర్చున్నాను. ఈ కేసు వార్త మా దగ్గర ఇంకొకరు చూస్తున్నారు.

మాట తేడా రాదన్నది నిజమే. ఆఫీసులో నన్ను కోట్లమ్మ అంటారని నీకు తెలుసు. నాకు కోట్లున్నది ఆస్తిలో కాదు, అచ్చులో, మనిషి మాటకు అటూ ఇటూ పెట్టే గుర్తుల్లో. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు నేను చెప్పేది ఒకటే: కోట్ తెరిచావంటే మనిషి మాట పూర్తయ్యేదాకా మూయొద్దు. సగం మాట చుట్టూ కోట్లు పెడితే అది అతనన్న మాట కాదు, నువ్వన్న మాట.

'వెళ్లొస్తా' గురించి అడిగితే చెప్పడానికి నా దగ్గర బోలెడుంది. నువ్వు మొదటిసారి బడికెళ్లిన రోజు బ్యాగు తగిలించుకుని 'పోతున్నా' అని ఒక కేక పెట్టి ఉరికావు. అమ్మ చేతిలో గరిటెతో వీధిలోకి పరిగెత్తింది. ఒరేయ్, ఇట్రా, ఏమన్నావు, పోతున్నా ఏమిట్రా పోతున్నా, నోట్లోంచి మంచిమాట రాదా అని, మలుపు దాకా వెళ్లినవాణ్ని వెనక్కి పిలిచింది. నువ్వు వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికంటా వెళ్లి, బ్యాగు తీసి, మళ్లీ తగిలించుకుని, మొదట్నుంచి బయల్దేరి 'వెళ్లొస్తా' అన్నావు. అమ్మ 'వెళ్లిరా' అంది. ఆ జవాబు వచ్చాకే నీ కాలు కదిలింది. బడికి ఆలస్యమై గోడకుర్చీ వేశావు. సాయంత్రం ఇంటికొచ్చి, ఇదంతా నీవల్లే అని అమ్మ మీద ఎగిరావు. నేను రెండు జడలేసుకుని గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాను. ఈ కళ్లతో చూసినదే కాబట్టి బోనులో చెప్పగలను.

అమ్మ పోయాక నాకు ఆ 'వెళ్లిరా' అనే మనిషివి నువ్వొక్కడివే. ఆదివారం పొద్దు వాలుతుంటే మీ ఇంట్లోంచి నేను బయల్దేరేదాన్ని. నువ్వు చేతిలో ఉన్న చట్రం ముక్క పక్కన పెట్టకుండానే గుమ్మం దాకా వచ్చి 'వెళ్లిరా అక్కా' అనేవాడివి. అచ్చం అమ్మ గొంతు. చివర కొంచెం సాగదీసి. నా ఫ్లాటుకు తాళం వేసుకుంటూ రోజూ పొద్దున నేను 'వెళ్లొస్తా' అంటాను, లోపల ఎవరూ లేకపోయినా. ఎదురు ఫ్లాటు ముసలాయన, ఎవరమ్మా లోపల అని ఒకసారి అడిగాడు కూడా. ఎవరూ లేరండీ, అలవాటు అన్నాను.

ఈ మూడు వారాలుగా ఆదివారం కూడా ఆఫీసుకే వస్తున్నాను. మా న్యూస్ ఎడిటరు చూసి, ఏంటమ్మా, ఇంట్లో గొడవా అన్నాడు. మా ఇంట్లో గొడవపడ్డానికి ఎవరున్నారండీ అన్నాను. ఇద్దరం నవ్వాం. నాకు ఆ రోజు టీ ఎక్కలేదు.

సోమవారం ఇదంతా చెబితే, దగ్గులాయన లెక్కలో, వర్క్‌షాపు తలుపు నీకు తెరుచుకుంటుంది. నీ ఆశ కూడా అదే. లాడ్జి గదిలో మంచం మీద గాజు పరిచి కొయ్యడం కుదరదక్కా అన్నావు. అది నాకు అర్థమయింది.

ఇక ఇవాళ్టి సంగతి.

నీ సామాను తేవడానికి మనవాళ్లలో ఒకరు, ఒకే ఒకసారి, పోలీసు తోడుతో వెళ్లొచ్చని జడ్జిగారన్నారు కదా. మూడింటికి వెళ్లాను. నాతో వచ్చిన కానిస్టేబులమ్మకు మోకాళ్ల నొప్పులు. గేటు దగ్గర్నుంచే, కుర్చీ ఎక్కడుంది మేడమ్ అంటూ వచ్చింది.

ముందే ఒక మాట. నీ నుంచి ఆమెకు, ఆమె నుంచి నీకు నేను కబుర్లు మొయ్యకూడదు. మొయ్యలేదు. 'అడిగానని చెప్పక్కా' అన్నావు, చెప్పలేదు. నేను చూసింది, నాకు జరిగింది మాత్రం రాస్తాను.

ఇల్లెలా ఉంది అని మూడుసార్లు అడిగావు. వర్క్‌షాపు నువ్వు వదిలినట్టే ఉంది. బల్ల మీద రంపపు పొట్టు ఎవరూ ఊడవలేదు. ఎండ వీధి కిటికీలోంచి బల్ల సగం దాకా వస్తోంది. స్టేషనరీ కొట్టాయన వాళ్ల అమ్మానాన్నల పెళ్లిఫొటోకి నువ్వు కడుతున్న చట్రం మూడు మూలలు అతికి, నాలుగోది ఇంకా బిగింపులోనే ఉంది. జిగురు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. నేను విప్పితే పగులుతుందని ముట్టుకోలేదు. అద్దాలకు చుట్టిన పాత పేపర్లన్నీ మా పేపర్లే. ఒక అద్దం మీద నేను రాసిన వార్త సగం కనిపిస్తోంది. జిగురు వాసన, వార్నిషు వాసన, కొత్తగా కోసిన చెక్క వాసన. నీ స్టూలు మీద కాసేపు కూర్చున్నాను. కానిస్టేబులమ్మ గోడల మీది చట్రాలన్నీ కలయచూసి, ఎంత నేర్పైన చెయ్యి మేడమ్ మీ తమ్ముడిది, మా ఆయన ఫొటో ఒకటుంది, ఈ గొడవలయ్యాక ఇస్తాను అంది. మరదలు అప్పుడే మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు ఆవిడకిచ్చి లోపలికి వెళ్లింది.

ఆదివారం మధ్యాహ్నాలు మనం భోంచేసింది ఆ బల్ల దగ్గరే. లోపల మంచి టేబులుంది, అయినా ఇక్కడే. నా కంచం పెట్టేముందు గాజు ముక్కలేమైనా ఉన్నాయేమోనని నువ్వు బ్రష్షుతో రెండుసార్లు తుడిచేవాడివి. మీ అక్కకైతే రెండుసార్లు, నాకైతే ఒకసారే అని మరదలు నన్ను చూసి కన్నుకొట్టేది. పిచ్చుక ఎవరి కంచంలోంచి ఏది ఎత్తుకెళ్తుందో తెలిసేది కాదు. అందుకే కదా నీ కూతురికి నేనా పేరు పెట్టాను. ఇవాళ ఆ బల్ల మీద నా కంచం పెట్టేచోట పొట్టు మేటవేసి ఉంది. వేలితో ఒక గీత గీశాను. తుడవలేదు.

వంటింట్లో కొళాయి ఇంకా కారుతోంది, కింద గిన్నె పెట్టారు. ఆర్నెల్లుగా వాషరు మారుస్తానంటున్నావు. ఎవరినైనా పిలిచి బాగుచేయించుకోమని నా నాలిక చివరిదాకా వచ్చింది. నీ కబురనుకుంటుందేమోనని ఊరుకున్నాను.

పిచ్చుకకు ముందుపన్ను ఊడింది. శనివారం కోర్టు చెప్పినట్టు సలహా కేంద్రంలో నువ్వు దాన్ని కలిసినప్పుడు నోరు తెరిచి నీకే చూపిస్తుంది. నేను చెప్పినట్టు తెలియనివ్వకు, గట్టిగా ఆశ్చర్యపో. అట్టముక్కలతో ఒక చట్రం చేసింది. మూలలు నీలాగే ఏటవాలుగా కోసింది. ఎవరి ఫొటో పెడతావే అంటే, ఇంకా ఎవరూ లేరత్తా, ఖాళీ అంది.

ఇక నడవ. నడవ గోడకు మూడు ఫొటోలు కంటి ఎత్తుకు బాగా కిందగా, నా భుజం దగ్గర వేలాడేవి. ఫొటో అంటే కంటికి ఎదురుగా ఉండాలని ఊరందరికీ పాఠం చెబుతావు, సొంతింట్లో ఇదేమిట్రా అని ఒకసారి అడిగాను. పిల్ల చూడ్డానికక్కా అన్నావు. 'పొట్టివాళ్ల గ్యాలరీ' అని నేను పేరుపెట్టాను. అందరం నవ్వాం. మరదలూ నవ్వింది.

ఇవాళ ఆ మూడూ దించి కింద గోడకు ఆనించి ఉన్నాయి. వాటి వెనకున్న గోడ చూశాను. మూడుచోట్ల ప్లాస్టరు లోపలికి కుంగి, చుట్టూ పగుళ్లున్నాయి. ఒకటి పిడికిలంత. మిగతా రెండూ అంతకంటే పెద్దవి. అవి ఎలా అయ్యాయో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె ఒక పక్కకు నిలబడి నన్ను చూడనిచ్చింది, అంతే. చట్రాలకు మాత్రం కొలత చక్కగా కుదిరింది. ఒక్క పగులు కూడా అంచు దాటి బయటికి రాలేదు. కానిస్టేబులమ్మ కూడా చూసింది. ఆ తర్వాత వాళ్లాయన ఫొటో మాట మళ్లీ ఎత్తలేదు.

నువ్వడిగినవన్నీ సర్దాను. బట్టలు, అద్దం కోసే డైమండు, మూలలు కోసే రంపం, రేడియో, కోటు. ఈ ఎండల్లో కోటెందుకా అనుకున్నాను. 'మర్చిపోకక్కా' అని రెండోసారి గుర్తుచేసింది కూడా ఆ కోటొక్కటే. మడతపెడుతుంటే లోపలి జేబులో గట్టిగా తగిలింది. వర్క్‌షాపు వీధి తలుపు తాళంచెవి. పోలీసులకు మొదటిది అప్పజెప్పిన రోజు, ఇదొక్కటే ఉంది, ఇంకోటి లేదని నువ్వు సంతకం పెట్టావు. కానిస్టేబులమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి రాసుకుంది. నువ్వు మర్చిపోయి ఉంటావని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. బస్సులో కూర్చుని కూడా ప్రయత్నించాను.

బయల్దేరేటప్పుడు నేనొక పొరపాటు చేశాను. చెప్పుల్లో కాళ్లు పెట్టి, పెట్టె అందుకుని, అలవాటు కొద్దీ 'వెళ్లొస్తా' అన్నాను. గట్టిగా, ఆదివారాలు అన్నట్టే. మరదలు నన్ను చూడలేదు. గోడ గడియారాన్ని చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. పిచ్చుక వచ్చి నా చెయ్యి లాగి, అత్తా, మా ఇంట్లో ఆ మాట అనకూడదు, బై అనాలి అంది. మరదలు గబగబా, పర్లేదు వదినా, దాని మాటకేం, మీరనండి అంది. అని, నవ్వబోయి ఆగి, తనే చెప్పింది. ఆయన పొద్దున చెక్క, గాజు తేవడానికి బయల్దేరుతూ ఆ మాట అనగానే గడియారం చూడ్డం అలవాటైపోయింది వదినా, మళ్లీ వచ్చేదాకా ఎంతసేపుందో చూసుకోవడం అంది. ఇప్పుడు ఆ మాట ఎవరు అన్నా చూస్తున్నాను, మొన్న గ్యాసు సిలిండరు తెచ్చినతను వెళ్లొస్తానమ్మా అంటే వెంటనే గడియారం చూశాను, పాపం ఆలస్యంగా తెచ్చాడని చూశాననుకున్నాడు, సారీ మేడమ్ ట్రాఫిక్ అన్నాడు అంది. చెప్పి ఈసారి నిజంగానే నవ్వింది. నేనూ నవ్వాను. ఆదివారాలు నవ్వినట్టు మాత్రం రాలేదు.

ఇది ఆమె నీకు పంపిన కబురు కాదు. ఆ ఇంట్లో ఆ మాట ఎలా వాడతారని జడ్జిగారడిగారు. నాకు తెలిసింది అమ్మ వాడుక. ఇంకో వాడుక ఉందని ఇవాళే తెలిసింది. సాక్ష్యం చెప్పేదాన్ని కాబట్టి నీకూ తెలియాలి.

గుమ్మం దాటి మెట్టు మీద ఆగాను. 'వెళ్లిరండి' అంటుందేమోనని. నేను ఆగాలనుకోలేదు, కాళ్లే ఆగాయి. కానిస్టేబులమ్మ కింది మెట్టు మీద మోకాలు పట్టుకుని, ఏమైనా మర్చిపోయారా మేడమ్ అంది. లేదు అన్నాను. లోపల తలుపు వేసుకుంటున్న చప్పుళ్లు వినిపించాయి. ఎన్ని చప్పుళ్లో, ఏమేం వేసుకున్నారో రాయను. తెలిసిన సంగతి తెలిసీ రాయకపోవడం నాకిదే మొదటిసారి. ఎందుకు రాయడం లేదో బస్సు దిగేదాకా ఆలోచించాను. నువ్వూ ఆలోచించు.

నాకు ఆ ఇల్లు కావాలిరా. నీకెంత కావాలో నాకూ అంత కావాలి. ఆ బల్ల, ఆ ఎండ, పిచ్చుక చేతివాటం, మరదలు కన్నుకొట్టడం, చట్రం ముక్క చేత్తో పట్టుకుని నువ్వు గుమ్మంలోకి రావడం. కానీ నాకు తెలిసింది ఆదివారాల ఇల్లు. మిగతా ఆరురోజులూ అదే చోట ఇంకో ఇల్లుంది. అందులోకి నేనెప్పుడూ రాలేదు. గోడల మీద ఫొటోలున్నాయి కాబట్టి గోడ చూడలేదు.

జ్వరం తగ్గిందా? రాత్రిళ్లు మాత్ర వేసుకుంటే సరిపోదు, డాక్టరుకు చూపించుకో. లాడ్జి కిందున్న హోటల్లో తినకు, ఆ వీధి చివరది మేలు, మా ఫొటోగ్రాఫరు చెప్పాడు. పని ఆగిపోయిందని బెంగపడకు. మా ఆఫీసు వెనక ఒక షెడ్డు ఖాళీగా ఉంది, బల్ల పట్టేంత చోటుంది. దాని యజమానితో మాట్లాడాను, నువ్వు సరేనంటే వచ్చే వారం నుంచి వాడుకోవచ్చు. నువ్వు సరేనంటావో లేదో, కింద రాసింది చదివాక చెప్పు.

పెట్టె రేపు పొద్దున దగ్గులాయన ఆఫీసులో ఇస్తాను, అక్కణ్నుంచి తీసుకో. ఈ ఉత్తరం కోటు లోపలి జేబులో పెడుతున్నాను. పెట్టె తెరవగానే నీ చెయ్యి ముందు అక్కడికే వెళ్తుందని తెలుసు.

ఎప్పటికీ నీ మంచి కోరే,
అక్క

తా.క.: ఫోను సంగతి.

పోలీసులు వచ్చిన సాయంత్రం నువ్వు నాకు ఫోన్ చేశావు. 'అక్కా, పోలీసులొచ్చారు, మళ్లీ చేస్తా' అని ఫోను చొక్కా జేబులో వేసుకున్నావు. కట్ చేయలేదు. నేనూ చేయలేదు. నీకేమవుతుందోనని చెవికి ఆనించుకుని ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చున్నాను. వాళ్లు ఉత్తర్వు చదవడం విన్నాను. బీరువా తలుపు, పెట్టె జిప్పు, పిచ్చుక ఏడుపు విన్నాను. బండి దగ్గరుంటాం, త్వరగా రండి అని ఒక ఆడగొంతు అనడం విన్నాను. ఆ తర్వాత నువ్వన్నది విన్నాను. "వెళ్లొస్తా. గడియలు మార్చుకుంటావో తలుపులే మార్చుకుంటావో నీ ఇష్టం. ఈ కాగితం ఎన్నాళ్లు అడ్డముంటుందో నేనూ చూస్తా."

అఫిడవిట్‌లో ఉన్నవి ఆ వాక్యాలే. ఒక్క అక్షరం తేడా లేదు. నువ్వు అరవలేదు. నెమ్మదిగా అన్నావు, చివర కొంచెం సాగదీసి. అమ్మ గొంతుతో అన్నావు. ఈ మూడు వారాలూ నాకు నిద్ర పట్టనిది అందుకే.

ఇవాళ మీ ఇంటి నుంచి తిన్నగా పొట్టి లాయరమ్మ దగ్గరికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఇక్కడికొచ్చి దగ్గులాయనకీ ఫోన్ చేసి చెప్పాను. నీ వెనకాల జరిగిందన్న మాట రాకూడదు. చాలాసేపు దగ్గి, అయితే మా తరఫున మీరు రానక్కర్లేదమ్మా అన్నాడు. వాళ్ల తరఫున వస్తున్నానండీ అన్నాను.

దీని తర్వాత నువ్వు నాతో 'వెళ్లిరా' అనవని తెలుసు. సోమవారం పదింటికి ఫ్లాటుకు తాళం వేసి, ఆ జవాబు కోసం ఆగకుండా బయల్దేరతాను. పదకొండుకి నా పేరు పిలుస్తారు. మూడు వాక్యాలూ చెబుతాను.